చూసినవాళ్ళ పేరు పడే దేశం

పుదుచ్చేరి ముత్యాల్‌పేటలో మా వీధివాళ్ళు ఎవరైనా పిల్లకు సంబంధం ఖాయం చేసుకునే ముందు మంగళ ఇంటి తలుపు తడతారు. జాతకం చూసే అయ్యరు వేరే ఉన్నాడు, ఫోటోలు పట్టుకుని తిరిగే బ్రోకర్లు వేరే ఉన్నారు. మంగళ పని వాటన్నిటి తరవాతది. అబ్బాయి ఎలాంటివాడు, ఇల్లు ఎలాంటిది, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా లేదా అని ఆ వీధికి పోయి, ఎవరికీ తెలియకుండా వాకబు చేసుకుని రావడం. అందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. పెళ్ళిలో మొదటి పంక్తిలో తనకు ఆకు వేస్తే చాలు.

పొద్దున మగవాళ్ళు ఆఫీసులకూ పిల్లలు బళ్ళకూ పోయాక, గొడుగు చంకలో పెట్టుకుని బయలుదేరుతుంది. అబ్బాయి వాళ్ళ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర, అద్దె ఇల్లు వెతికే మనిషిలా నిలబడుతుంది. నీళ్ళు సరిగ్గా వస్తాయా, గొడవలేమన్నా ఉన్నాయా అని మొదలుపెడితే, ఇస్త్రీ ఆయనే ఒక్కో ఇంటి సంగతీ చెప్పుకుంటూ పోతాడు. తరవాత పూలమ్మ. తరవాత మూల మీద మందుల కొట్టు. అక్కడ తలనొప్పి మాత్ర ఒకటి కొని, నీళ్ళడిగి మింగి, తన బీపీ గురించి కొట్టువాడితో మొరపెట్టుకుంటూ, ఆ వీధిలో ఎవరు ఏ మందులు వాడుతున్నారో రాబట్టుకుని వస్తుంది. నేను చాలాసార్లు తోడు పోయాను. ఊరికే నిలబడి వినడం నాకు చేతకాదు కాబట్టి నేనూ నాలుగు ప్రశ్నలు వేస్తాను. వీధి మలుపు తిరిగాక మంగళ తిడుతుంది.

"అక్కా, నువ్వు అడిగేది పోలీసోడు అడిగినట్టు ఉండాది. మనం అడగకూడదు. వాళ్ళు చెప్పల్ల, మనం విని అయ్యో అనల్ల. అంతే."

మందుల కొట్టు వాకబు మొదట్లో లేదు. మా వీధి చివరి ఇరుసప్పన్ కూతురికి పెళ్ళయిన కొత్తలోనే మొగుడికి ఫిట్స్ వస్తాయని బయటపడింది. అతను చెడ్డవాడు కాడు, మందు వేసుకుంటే బాగానే ఉంటాడు. కానీ దాచి పెళ్ళి చేశారన్న మంటతో పిల్ల పుట్టింటికి వచ్చేసింది, మళ్ళీ పోలేదు. ఆ సంబంధాన్ని విచారించి మంచిదని చెప్పింది మంగళే. ఇరుసప్పన్ భార్య ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మంగళ ఇప్పటికీ గొడుగు తెరిచి ఆ వైపుకు వంచుకుంటుంది.

మంగళకు పిల్లలు లేరు. తమ్ముడి కూతురు జయప్రియ విల్లియనూరు నుంచి వచ్చి, లాస్‌పేట కాలేజీకి దగ్గరని మంగళ ఇంట్లోనే ఉండి చదువుకుంది. తరవాత స్కాలర్‌షిప్పు వచ్చిందని ఎస్టోనియా అనే దేశానికి పోయి, చదువు ముగించి, అక్కడే ఒక క్లినిక్‌లో రోగుల రికార్డులు చూసే ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. ఫ్రాన్సు అంటే మాకు పక్కవీధి లెక్క. అక్కడి పింఛను తినే ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటుంది. ఈ ఎస్టోనియా మాత్రం ఎవరూ విన్నది కాదు.

పోయిన ఏడాది సెలవుకు వచ్చినప్పుడు జయప్రియను కూర్చోబెట్టి నేను అడగనిది లేదు. ఆ దేశం మొత్తం జనం మన పుదుచ్చేరి జనానికి ఇంచుమించు సమానమట. అడవి మధ్యలో నిలబడినా ఫోనులో నెట్ వస్తుందట. ఓటు ఇంట్లో కూర్చునే వేయొచ్చట. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఒక కార్డు.

"మనకూ ఆధార్ ఉండాది గదా" అన్నాను.

"ఉండాది పెద్దమ్మా. కానీ మనం ఏ ఆఫీసుకు పోయినా జిరాక్సుల కట్ట తీసుకుని పోతాం. ఆడ ఒకసారి చెప్పింది రెండోసారి అడగరు. ఒక ఆఫీసుకు తెలిస్తే ఇంకో ఆఫీసు దాన్నే అడిగి తీసుకుంటాది. విడాకులకు కూడా కంప్యూటర్‌లోనే రాసి పంపొచ్చు."

మంగళ చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. "అప్పుడు రెండు పక్కలా కూర్చుని సర్దిచెప్పేది ఎవురు?"

"ఎవురూ లేరత్తా."

"మంచి దేశానికే పోయినావు" అని మంగళ మళ్ళీ చిక్కుడుకాయలు తుంచడంలో పడింది. నేనైతే ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

ఈ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు విల్లియనూరు బియ్యం వ్యాపారి సుధాకరన్ మంగళ దగ్గరికి వచ్చాడు. అతని కూతురు నందిత బ్యాంకులో పని చేస్తుంది. లాస్‌పేట నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు కార్తికేయ, కంప్యూటర్ ఇంజనీరు. ఉద్యోగం ఎక్కడంటే, టాలిన్. అంటే జయప్రియ ఉండే ఊరే. ఒకే ఊళ్ళో ఉన్నా ఆ ఇద్దరికీ పరిచయం లేదు.

లాస్‌పేటలో వాకబు తొందరగానే అయిపోయింది. తల్లి హేమమాలిని రిటైరైన టీచరు. తండ్రి లేడు. ఇస్త్రీ ఆయన, పూలమ్మ, మందుల కొట్టు, అందరూ మంచి మాటే చెప్పారు. కానీ మంగళకు తృప్తి లేదు. అబ్బాయి ఆ వీధి వదిలి చాలా ఏళ్ళయింది. వీధివాళ్ళకు తెలిసింది సైకిలు తొక్కిన కార్తికేయ. ఇప్పటి కార్తికేయ ఉండే చోట ఇస్త్రీ బండీ లేదు, పూలమ్మా లేదు.

"ఆడ ఎవుర్నక్కా అడిగేది?" అని నాతో రెండు మూడుసార్లు అంది. తరవాత ఫోను తీసి జయప్రియకు చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"వాడు ఎప్పుడన్నా మీ క్లినిక్‌కు వచ్చినాడేమో చూడు బిడ్డా. ఏదన్నా జబ్బుండాదా, తాగుడుండాదా, అది తెలిస్తే చాలు."

"చూడకూడదత్తా. నా పని ఉంటేనే చూడల్ల. ఊరికే చూస్తే తెలిసిపోతాది."

"పక్కన ఎవురూ లేనప్పుడు చూడు."

"పక్కన ఎవురుంటే ఏంది, లేకుంటే ఏందత్తా. నీకెట్ల చెప్పేది."

మంగళ నమ్మకం అదే. పక్కన ఎవరూ లేకపోతే ఎవరూ చూడలేదని. ఇస్త్రీ బండి దగ్గర ఇంకొక మనిషి వస్తే మాట మార్చడం ఆమెకు బాగా తెలుసు. అక్కడా అంతే అనుకుంది. నేనూ అంతే అనుకున్నాను. ఆ తరవాత ఇంకో రెండుసార్లు ఫోను చేసింది. చివరిసారి ఇరుసప్పన్ కూతురి పేరు ఎత్తింది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా జయప్రియ ఆ పిల్లతోనే ఒకే గడప మీద కూర్చుని గవ్వలాడేది.

మరునాడు జయప్రియే ఫోను చేసింది. "ఏమీ లేదత్తా. మంచు మీద జారిపడి మణికట్టు విరిగిందంట, కట్టు కట్టించుకున్నాడు. నేను ఆ ఒక్క పేజీనే చూసి మూసేసినా. ఇంక నన్ను అడగొద్దు."

మంగళ ముఖం విప్పారింది. సుధాకరన్‌కు కబురు చేసి, అబ్బాయి బంగారం, చెయ్యి విరిగింది తప్ప ఏ లోపమూ లేదు అని చెప్పింది. ఈ సంగతి ఎక్కడా అనొద్దని కూడా చెప్పింది. అది ఎప్పుడూ చెప్పే మాటే కావడంతో ఎప్పటిలాగే అతను తల ఊపాడు.

ఆదివారం సాయంత్రం అందరం లాస్‌పేట పోయాం. అబ్బాయి రాలేడు కాబట్టి హేమమాలిని టీవీకి ఫోను తగిలించి, అతణ్ణి టీవీలో కూర్చోబెట్టింది. మనిషి మెత్తగా, గౌరవంగా మాట్లాడాడు. నందిత గొంతు సవరించుకుంటూ ఒకటి రెండు మాటలంది. కేసరి పెట్టారు, అరటికాయ బజ్జీలు పెట్టారు, కాఫీ వచ్చింది. అంతా బాగానే ఉందనిపించింది. సుధాకరన్‌కు అబ్బాయి బాగా నచ్చాడు. ఆ నచ్చడంలోనే, అల్లుణ్ణి అడిగినట్టు ప్రేమగా అడిగేశాడు.

"చెయ్యి ఇప్పుడెట్లుంది తంబీ? నొప్పి తగ్గిందా?"

హేమమాలిని కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏ చెయ్యి?"

టీవీలో కార్తికేయ నవ్వు ముఖం మీద అలాగే ఉండి, మెల్లగా కరిగింది. "మీకెవరు చెప్పినారు మామా?"

"కార్తీ, ఏం చెయ్యి? ఏమైంది?" అని తల్లి టీవీ దగ్గరికే పోయి నిలబడింది.

"ఏం లేదమ్మా. మంచులో జారినా. నీకు చెప్తే టికెట్టు తీసుకుని వచ్చేయమంటావని చెప్పలేదు. ఇక్కడ డాక్టరుకూ ఆఫీసులోవాళ్ళకూ తప్ప మనవాళ్ళెవరికీ తెలీదు." అతను సుధాకరన్ వైపు చూశాడు. "నిజంగా అడుగుతున్నా మామా. మీకెట్ల తెలిసింది?"

సుధాకరన్ మంగళ వైపు చూశాడు. మంగళ గ్లాసులోకి చూస్తోంది. సుధాకరన్ ఏదో నీళ్ళు నమిలాడు, ఎవరో అన్నారని, ఎక్కడో విన్నానని. కార్తికేయ ఒక్క నిమిషం అని చెప్పి, పక్కనున్న కంప్యూటర్ వైపు తిరిగి వేళ్ళు ఆడించాడు. అది అతని సొంత వైద్యం రికార్డుల పేజీ అట. దాంట్లో అతనికి ఏ జబ్బు ఎప్పుడు వచ్చిందో ఉంటుంది. ఆ కింద, దాన్ని ఎవరెవరు తెరిచి చూశారో వాళ్ళ పేరుతో సహా ఉంటుంది.

"పోయిన బుధవారం ఒకరు చూసినారు" అని చదివాడు. "జయప్రియ అంట. నేను ఈమెను కలవనే లేదు. పేరు చూస్తే మనవాళ్ళ పేరులాగుండాది."

నా వేళ్ళలోంచి బజ్జీ జారి పళ్ళెంలో పడింది. ఇన్నేళ్ళుగా మంగళ ఎన్ని వీధులు తిరిగింది, ఎన్ని ఇళ్ళ గుట్లు మోసుకొచ్చింది. ఎవరు అడిగారన్నది ఒక్క ఇంటికీ తెలిసిన పాపాన పోలేదు. అలాంటిది, కాఫీ మీద పొగ ఇంకా ఆరలేదు, సముద్రాల అవతల ఒక గదిలో తలుపు వేసుకుని ఆ పిల్ల చూసిన చూపు, పేరుతో సహా టీవీలోంచి మా ముందు పడింది.

"క్లినిక్‌కు అడిగి పంపినా, ఎందుకు చూసినారని" అన్నాడు కార్తికేయ. "ఇది చిన్న విషయం కాదు."

అప్పటికే పంపేశాడు. మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేలోపే.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో నందిత తండ్రిని పట్టుకుంది. ఎవరు ఆ జయప్రియ అని. ఆఖరికి సుధాకరన్ చెప్పక తప్పలేదు. నందిత మంగళ వైపు తిరిగి, "నా పెళ్ళికి నన్ను ఒక మాట అడగకుండా, అతని ఎముకలదాకా పోయినారా పెద్దమ్మా" అంది. మంగళ గొడుగు పిడి తిప్పుతూ కూర్చుంది.

మరునాడు సాయంత్రం జయప్రియ ఫోను వచ్చింది. గొంతు సన్నగా ఉంది. విచారణ అయ్యేదాకా ఏ రికార్డూ ముట్టుకోవద్దని క్లినిక్‌వాళ్ళు చెప్పారట. ఎందుకు చూసిందో రాసి ఇమ్మన్నారట. ఉద్యోగం పోవచ్చు. పోతే అక్కడ ఉండేందుకు ఇచ్చిన పర్మిట్టు కూడా నిలుస్తుందో లేదో తెలియదు.

"ఏమని రాస్తావు?" అని మంగళ అడిగింది.

"చూసినానని రాస్తా. చూసిందే గదా."

"ఎవురడిగితే చూసినావంటే?"

"ఎవురూ అడగలేదని రాస్తా. నీ పేరు ఎందుకత్తా నడమ."

మంగళ కుర్చీలోంచి లేచింది. "ఎవురూ అడగకుండా ఒక ఆడబిడ్డ ఒక మొగోడి సంగతి ఎందుకు చూసిందనుకుంటారు? నిన్ను ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీలేత్తా" అంది జయప్రియ. ఆ పిల్లకు ఆ సంగతి ముందే తట్టిందని నాకు అర్థమైంది.

పొద్దున్నే మంగళ నన్ను లేపి లాస్‌పేట పోదాం రమ్మంది. గొడుగు తీసుకోలేదు. హేమమాలిని ఇంటి ముందు ఇస్త్రీ ఆయన బండి దగ్గరే ఉన్నాడు, అద్దె ఇల్లు దొరికిందా అని పలకరించాడు. మంగళ తల వంచుకుని గేటు తీసింది.

"ఆ జయప్రియ నా తమ్ముడి కూతురు" అని గడపలోనే చెప్పింది. "నేనే చూడమన్నా. ఆ బిడ్డ వద్దు వద్దంటా ఉన్నా నేనే వినలేదు."

హేమమాలిని కూర్చోమనలేదు. "ఏమ్మా, అడగల్సింది నన్ను గదా?"

"అడిగితే మీరు చెప్పేవాళ్ళా?"

"చెప్పేదానికి నాకు తెలిస్తే గదా" అంది ఆమె. అని, గబుక్కున కుర్చీలో కూలబడింది. "నా కొడుక్కు చెయ్యి విరిగిందని ఊళ్ళో వాళ్ళకు తెలుసు. ఆ బియ్యం అంగడాయనకు తెలుసు. నాకు తెలీదు. రెండు రోజులుగా నేను అదే అనుకుంటా ఉండాను."

ఆమె ఏడవలేదు. నేను పోయి నీళ్ళు తెచ్చి ఇచ్చాను, వంటిల్లు ఎక్కడుందో అడగకుండానే. కొడుకు లేచే వేళదాకా ఆగి, ఆమే ఫోను చేసింది. కార్తికేయ ఆఫీసుకు పోయే దారిలో ఉన్నాడు. తల్లి సంగతంతా చెప్పి ఫోను మంగళకు ఇచ్చింది.

"తప్పు నాది తంబీ. ఆ బిడ్డను ఏమీ చేయొద్దని చెప్పు. నువ్వు పంపింది వెనక్కి తీసుకో."

"తీసుకోలేను పెద్దమ్మా. నాకేమీ నష్టం లేదని రాయగలను, రాస్తా. కానీ ఒకసారి అడిగినాక అది నేను ఆపితే ఆగేది కాదు. వాళ్ళు విచారించే తీరల్ల."

"పెద్ద ఆఫీసరు ఎవురన్నా ఉంటారు గదా. కాళ్ళమీద పడి చెప్పుకునేదానికి ఒక మనిషన్నా ఉండడా ఆ దేశంలో?"

"మనిషి ఉంటారు. చెప్పొచ్చు. కానీ చెప్పిందంతా రాసుకుంటారు. మీ పేరుతో సహా."

"నాకు ఆ లైను చూపించు" అంది మంగళ. అతను ఫోనులోకే ఫోటో పంపాడు. నాకూ మంగళకూ ఆ అక్షరాలు రావు. హేమమాలిని వేలు పెట్టి చూపించింది. తేదీ, టైము, క్లినిక్కు, జయప్రియ.

"నా పేరు యాడ?"

"మీరు చూడలేదు గదా పెద్దమ్మా. తెరిచినవాళ్ళ పేరే పడతాది."

"అంత దూరంలో తెరిచిన చెయ్యి ఆ కంప్యూటర్‌కు తెలిసింది గదా. ఆ చేతిని తోసిన చెయ్యి తెలీలేదా?" మంగళ ఆ ఫోటోను చాలాసేపు పట్టుకుంది. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. అన్నేళ్ళ వాకబుల్లో ఆమె పేరు ఎక్కడా బయటికి రాలేదని ఎంత గర్వంగా చెప్పుకునేదో నాకు తెలుసు. ఇప్పుడు పేరు లేదని కొట్టుకుంటోంది.

"రాయించల్ల" అంది. "నా పేరు రాయించల్ల."

కార్తికేయ రాసి అడిగితే క్లినిక్‌వాళ్ళు ఒప్పుకున్నారు. వీడియోలో మాట్లాడతామన్నారు. ఇంగ్లీషు చెప్పేందుకు ఎవరు అని వెతుకుతుంటే, నందిత తనే వస్తానంది. బ్యాంకు నుంచి నేరుగా మంగళ ఇంటికి వచ్చి, బ్యాగు పక్కన పెట్టి, ఫోనును నిలబెట్టింది. ఇంకా కోపంగానే ఉంది. మంగళ పట్టుచీర కట్టుకుంది. ఆమె మొగుడు వేలాయుధం టీవీ ఆపి, చొక్కా తొడుక్కుని, ఫోనుకు కనబడకుండా గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన ఒక పనిలో పెళ్ళాం పక్కన నిలబడడం నేను చూడడం అదే మొదలు.

తెరలో తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక ఆడమనిషి కనిపించింది. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. అందుకే మాకు ఇంకా గుబులైంది. అరిచేవాళ్ళను ఎలా చల్లబరచాలో మాకు తెలుసు.

మీరు ఏం చూడమని అడిగారు అని అడిగింది. జబ్బేదన్నా ఉందేమోనని, అంది మంగళ. నందిత చెప్పింది.

జయప్రియ మొదటిసారే ఒప్పుకుందా? లేదు, మూడుసార్లు అడిగినా, చివరకు ఆమె మనసు కరిగే మాట చెప్పి ఒప్పించినా. ఏం మాట? మంగళ ఇరుసప్పన్ కూతురి సంగతి చెప్పింది. అదంతా నందితకూ కొత్తే. చెప్తూ చెప్తూ నందిత మధ్యలో ఆగి, మంగళ వైపు తిరిగి, "ఇదంతా నాకెందుకు చెప్పలేదు" అని తెలుగులో అడిగింది. తెరలో ఆమె ఓపికగా ఆగింది.

తరవాత ఆమె ఒక ప్రశ్న వేసింది. "ఆయన్నే ఎందుకు అడగలేదు?"

గోడ పక్కన వేలాయుధం గొంతు సవరించుకున్నాడు. చివరకు మంగళ అంది, "అడిగితే జబ్బుండాదని ఎవురు చెప్తారమ్మా?"

నందిత దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ ఆఫీసరు తల ఊపి, ఏదో నెమ్మదిగా చెప్పింది. నందిత వెంటనే తెలుగులోకి మార్చలేదు. కళ్ళు దించుకుంది.

"ఏమన్నది?" అన్నాను నేను. ఉండలేక.

"ఆయన చెప్పేవారేమో అంటోంది. చెప్పేవారో లేదో ఇక ఎవరికీ తెలియదు, ఆ అవకాశం మీరు తీసేసుకున్నారు అంటోంది."

మా ఇంట్లో పిడుగు పడినా నేను అంత దిమ్మెరపోను. వాకబు అంటే దాచిన దాన్ని బయటికి తీయడం అనే తెలుసు మాకు. ఒక మనిషి తనంతట తాను చెప్పుకునేదాన్ని లాగేసుకోవడం అని ఒక్కసారి కూడా తట్టలేదు. లాస్‌పేటలో కుర్చీలో కూలబడిన హేమమాలిని ముఖం నా కళ్ళ ముందు మెదిలింది. కొడుకు ఎప్పుడో ఒక రోజు, చెయ్యి బాగయ్యాక, నవ్వుతూ ఆమెకు చెప్పేవాడేమో.

మంగళ పట్టుచీర కొంగు గుప్పెట్లో నలుపుతోంది. "సరి" అంది. "అది కూడా రాసుకోమను. నేను తీసేసుకున్నానని."

చివర పేరు అడిగారు. అదే అన్నిటికంటే కష్టమైంది. పూర్తి పేరు కావాలి, ఇంటిపేరు కావాలి. మంగళ "ఎం. మంగళ" అంది. ఎం అంటే ఏమిటి? మునుసామి, మా నాయన. అయితే మునుసామి మీ ఇంటిపేరా? కాదు, మా నాయన పేరు. మరి మీ ఇంటిపేరు? ఇప్పుడు నేను వి. మంగళ, పెళ్ళయినాక, వేలాయుధం. అయితే ఎం ఎక్కడికి పోయింది? ఆ ఆఫీసరు ముఖంలో మొదటిసారి కలవరం కనబడింది. నందిత నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. ఆఖరుకు ఆఫీసరు మంగళ, మునుసామి, వేలాయుధం, ముత్యాల్‌పేట, పుదుచ్చేరి, అన్నీ వరసగా రాసుకుని, సరిగ్గా ఉందా అని చదివి వినిపించింది. మంగళ శ్రద్ధగా విని, రెండు చోట్ల సరిదిద్దింది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఎవరు సంబంధం విచారించమని వచ్చినా మంగళ ఒంట్లో బాగాలేదని తిప్పి పంపింది. నేను వీధిలో ఎవరినైనా ఏదైనా అడగబోతే నోట్లోనే మాట ఆగేది. నాకు అది మరీ కష్టం.

నందిత, కార్తికేయ ఫోనులో మాట్లాడుకుంటున్నారని సుధాకరన్ చెప్పాడు. ఏం మాట్లాడుకుంటున్నారని నందితను నేను అడిగాను. "అతన్నే అడుగు పెద్దమ్మా, నంబరిస్తా" అని వెళ్ళిపోయింది. పెళ్ళి అవుతుందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

జయప్రియ ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. మంగళ స్పీకరు పెట్టింది. ఉద్యోగం పోలేదు. కానీ రికార్డుల ఆఫీసు నుంచి తీసేసి, అపాయింట్‌మెంట్లు ఇచ్చే కౌంటరులో కూర్చోబెట్టారు. రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఆ రోజే ఇంటికి. ఒప్పుకుంది కాబట్టి, ఒక్క పేజీ దాటి పోలేదు కాబట్టి, ఎవరు అడిగారో ఆ మనిషే వచ్చి చెప్పింది కాబట్టి, అంతటితో వదిలారు. కార్తికేయ పేజీలో మాత్రం ఆమె పేరు అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ తుడపలేరు.

మంగళ కళ్ళు తుడుచుకుంది. "ఆ కాయితంలో నా పేరుండాదా?"

"ఉండాది అత్తా. మూడో పేరాలో."

"చదువు."

జయప్రియ చదివింది. ఇంగ్లీషులో అంతటి వాక్యంలో మాకు తెలిసింది మంగళ, మునుసామి, వేలాయుధం, ముత్యాల్‌పేట.

"ఇంకొకసారి చదువు."

మళ్ళీ చదివింది. మంగళ తల ఊపింది. తరవాత ఆమె ముఖంలోకి ఏదో మెల్లగా వచ్చింది. ఫోనును దగ్గరికి తీసుకుంది.

"దాన్ని ఎవురెవురు చూడొచ్చు?"

"క్లినిక్‌లో ఆ పెద్ద మేడం. కార్తికేయ. ఇంకా విచారణ చేసే ఆఫీసు వాళ్ళు."

"వాళ్ళు చూస్తే నాకు తెలుస్తాదా?"

"నీకు ఈడ కార్డు లేదు గదా అత్తా" అంది జయప్రియ. "నీకు తెలీదు."

మంగళ నా వైపు చూసింది. ఇంత దూరంలో, మాకు తెలియని అక్షరాల్లో, ఆమె పేరు ఒక కాయితంలో కూర్చుని ఉంది. ఎవరు తెరుస్తారో, ఎప్పుడు తెరుస్తారో, తెరిచి ఏమనుకుంటారో ఆమెకు తెలిసే దారి లేదు.

"ఎవురు చూసినారో నాకు యాడ తెలుస్తాదక్కా" అని ఆమె నన్నే అడిగింది.